కారు వెనక సీటు నుంచి మటడార్ దాకా: విల్ టొలెడో తొలి ఆరేళ్లలో అసలు మలుపు ఎక్కడ?

క్లుప్తంగా: అమెరికన్ ఇండీ రాక్ గాయకుడు, గీత రచయిత విల్ టొలెడో పేరున్న లేబుల్‌తో, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థతో, ఒప్పందం చేసుకునేనాటికే దాదాపు డజను ఆల్బమ్‌లు సొంతంగా బయటపెట్టాడు. వాటిని అవకాశం రాకముందు పడ్డ పాట్లుగా చూడటం పరిపాటి. అతను పాట కట్టడం నేర్చుకున్నది మాత్రం వాటిలోనే, అదీ అందరి కళ్లముందు. లేబుల్ వచ్చాక ప్రధానంగా మారింది, ఒకసారి విడుదల చేసినదాన్ని సరిదిద్దుకోవడానికి అయ్యే ఖర్చు.

ఏది మొదటి ఆల్బమ్?

టొలెడో పాటలు కార్ సీట్ హెడ్‌రెస్ట్ పేరుతో వస్తాయి. ఈ పేరు కొత్తగా విన్నవాళ్లకు మొదటి చిక్కు లెక్క దగ్గరే వస్తుంది. 2015 అక్టోబర్‌లో మటడార్ రికార్డ్స్ విడుదల చేసిన 'టీన్స్ ఆఫ్ స్టైల్'ను కొందరు తొలి ఆల్బమ్ అంటారు. అందులోవి ఎక్కువగా పాత పాటలే కాబట్టి, 2016 మేలో వచ్చిన 'టీన్స్ ఆఫ్ డినయల్'తోనే ప్రయాణం మొదలైందని మరికొందరి వాదన. మొదటి నుంచీ వింటున్న అభిమానుల లెక్కలో ఈ రెండూ పదో స్థానానికి అటూ ఇటూ ఎక్కడో ఉంటాయి. 2014లో వచ్చిన 'హౌ టు లీవ్ టౌన్' మరీ చిత్రం: నిడివి గంటకు పైనే, అయినా టొలెడో దాన్ని ఈపీగానే, అంటే ఆల్బమ్ కంటే చిన్న విడుదలగానే, బయటపెట్టాడు.

ఒక కంపెనీ డబ్బు పెట్టి, అచ్చు వేయించి, తేదీ ప్రకటించి అమ్మితేనే ఆల్బమ్ అనుకున్న రోజుల్లో ఈ లెక్క ఇట్టే తేలిపోయేది. పాట పూర్తయిన రాత్రే దాన్ని లోకానికి వినిపించే వీలు దొరికాక, చిత్తుప్రతికీ తుదిప్రతికీ మధ్య గీత చెరిగిపోయింది. టొలెడో తొలి దశ మొత్తం ఆ చెరిగిన గీత మీదే నడిచింది. అందుకే అతని కథ ఒక్క గాయకుడికే పరిమితమైనది కాదు.

2010: పేర్లు లేని నాలుగు ఆల్బమ్‌లు

టొలెడో 1992లో పుట్టాడు. వాషింగ్టన్ నగరానికి వాయవ్యంగా, వర్జీనియా రాష్ట్రంలో ఉన్న లీస్‌బర్గ్‌లో పెరిగాడు. మొదట నెర్వస్ యంగ్ మెన్ అనే పేరుతో పాటలు చేసి, 2010లో దాన్ని పక్కనపెట్టి కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టాడు.

కొత్త పేరు వెనక ఉన్నది చాలా మామూలు ఇబ్బంది. ఇంట్లో కూర్చుని గిటార్ వాయిస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గొంతెత్తి పాడటం అలా కాదు. పక్క గదిలో ఇంట్లోవాళ్లు ఉండగా, ఇంకా కుదురుకోని మాటల్ని పదే పదే అరిచి పాడాలంటే ఎవరికైనా బెరుకే. అందుకని టొలెడో లాప్‌టాప్ పట్టుకుని ఇంటి కారెక్కేవాడు, వెనక సీట్లో కూర్చుని పాడేవాడు. అక్కడ కూర్చున్నవాళ్లకి ఎదురుగా కనిపించేది ముందు సీటు హెడ్‌రెస్టే. పేరు అక్కడి నుంచే వచ్చింది.

కారును ఎంచుకోవడంలో ధ్వనిపరంగానూ ఒక సౌలభ్యం ఉంది. మామూలు గదిలో పాడితే గొంతు ఖాళీ గోడలకు తగిలి తిరిగొచ్చి మైకులో పడుతుంది. అద్దాలు ఎత్తేసిన కారులో సీట్ల బట్ట, లోపలి కప్పుకు అంటించిన మెత్తటి పొర ఆ ప్రతిధ్వనిని చాలావరకు పీల్చేస్తాయి. గొంతు పొడిగా, దగ్గరగా వినిపిస్తుంది. సరైన మైకు, స్టూడియో లేకపోవడం వల్ల వచ్చిన బొంగురు, గరగర ఆ రికార్డింగుల్లో ఉన్నాయి. వాటితోపాటే ఎవరూ వినడం లేదన్న ధీమాతో పాడే మనిషి గొంతూ ఉంది. ఈ రెండోది ఏ స్టూడియోలోనూ డబ్బు పోసి కొనగలిగేది కాదు.

ఆ ఏడాది వెంటవెంటనే వచ్చిన మొదటి నాలుగు ఆల్బమ్‌లకు అతను పేర్లే పెట్టలేదు. 1, 2, 3, 4 అని అంకెలతో సరిపెట్టాడు. ప్రతిదాన్నీ ఒక ఘట్టంగా ప్రకటించే ఉద్దేశం లేదని ఆ అంకెలే చెబుతున్నాయి. ఆ తర్వాత వేగం కాస్త తగ్గి, ఒక్కోదాని బరువు పెరిగింది. 2011లో 'మై బ్యాక్ ఈజ్ కిల్లింగ్ మీ బేబీ', అదే ఏడాది నవంబర్‌లో 'ట్విన్ ఫాంటసీ', 2012లో 'మోనోమేనియా', 2013లో 'నెర్వస్ యంగ్ మ్యాన్' వచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం వర్జీనియాలోనే విలియమ్స్‌బర్గ్‌లో ఉన్న విలియం అండ్ మేరీ కాలేజీలో చదువుకుంటున్న రోజుల నాటివి. 'ట్విన్ ఫాంటసీ' నాటికి అతని వయసు 19. అందులో ఒక పాట పన్నెండు నిమిషాలు దాటుతుంది. రేడియో కోసమో, లేబుల్ కోసమో రాసేవాళ్లు ఆ వయసులో అంత నిడివికి సాహసించరు. అడ్డుచెప్పేవాళ్లు లేకపోవడం అక్కడ అక్కరకొచ్చింది.

అదే ఇల్లు, అదే రికార్డింగ్, ఇరవై ఏళ్ల తేడా

ఇంట్లో రికార్డు చేసుకోవడం టొలెడోతో మొదలైనదేం కాదు. అతను ఎంతో ఇష్టపడే గైడెడ్ బై వాయిసెస్ బృందం 1980ల నుంచే ఆ పని చేస్తోంది. ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో స్కూలు టీచరుగా పనిచేస్తూ రాబర్ట్ పొలార్డ్ ఆ బృందాన్ని నడిపాడు. నాలుగు ట్రాకుల టేపు రికార్డర్ మీద పాటలు చేసి, సొంత డబ్బుతో వినైల్ రికార్డులు వేయించేవాడు. 1992లో వచ్చిన 'ప్రొపెల్లర్'ను 500 ప్రతులే వేశారు. ప్రతి ప్రతికీ అట్ట చేత్తో విడిగా తయారుచేశారు. మటడార్ నుంచి వారి ఆల్బమ్ 1995లో వచ్చేసరికి పొలార్డ్ నలభైకి దగ్గరపడ్డాడు. అదే లేబుల్ నుంచి తన తొలి రికార్డు వచ్చినప్పుడు టొలెడోకు 23 ఏళ్లు.

ఇద్దరూ ధారాళంగా రాసేవాళ్లే, ఇద్దరూ ఇంట్లోనే రికార్డు చేసుకున్నవాళ్లే. తేడా పంపిణీలో ఉంది. 500 రికార్డులు వేయించాలంటే ముందు డబ్బు కట్టాలి, అవి అమ్ముడుపోకపోతే ఇంట్లో పెట్టెల్లో పడి ఉంటాయి. కాబట్టి ప్రతి విడుదలకూ ముందు వేయాలా వద్దా అన్న ప్రశ్న తప్పదు. కళాకారులు తమ పాటలను నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్ 2008లో మొదలై ఆ ప్రశ్ననే తీసేసింది. టొలెడో తన ఆల్బమ్‌లు పెట్టింది అందులోనే. పాట ఎక్కించడానికి రుసుము లేదు. ధరను కళాకారుడే పెట్టుకోవచ్చు, లేదా వినేవాళ్ల ఇష్టానికి వదిలేయవచ్చు. డిజిటల్ అమ్మకాల మీద సైటు 15 శాతం తీసుకుంటుంది. అమ్మకాలు 5,000 డాలర్లు దాటిన ఖాతాలకు అది 10 శాతానికి తగ్గుతుంది. అమ్మకమే జరగకపోతే కళాకారుడు పోగొట్టుకునేదేమీ లేదు.

దీనివల్ల వచ్చిన ఫలితం ఆల్బమ్‌ల సంఖ్య పెరగడంతో ఆగలేదు. పొలార్డ్ 500 ప్రతులు ఎవరి చేతికి చేరితే వాళ్లే విన్నారు. టొలెడో 2010లో పెట్టిన పాటను 2013లో కొత్తగా వచ్చిన శ్రోత కూడా అదే పేజీలో, అదే వరుసలో వినగలిగాడు. ఒక పాట నచ్చినవాళ్లకు వెనక్కి వెళ్లి తవ్వుకోవడానికి గంటల కొద్దీ సంగీతం సిద్ధంగా ఉంది. ఎవరో కుర్రాడు ఆల్బమ్ తర్వాత ఆల్బమ్‌గా ఎదుగుతుండటం చూశామన్న భావన ఆ శ్రోతల్లో ఏర్పడింది. ప్రచారానికి పైసా ఖర్చు లేకుండా అతనికి గట్టి అభిమాన బృందం ఏర్పడటానికి ఇదే ప్రధాన కారణమని చెప్పొచ్చు. పాటలు మామూలుగా ఉండి ఉంటే ఎంత పెద్ద నిల్వైనా పనికొచ్చేది కాదన్నది వేరే చెప్పాల్సిన పనిలేదు.

ఈ పద్ధతిలో నష్టమూ ఉంది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఎవరైనా రాసే తడబాటు పాటలు మామూలుగా డైరీల్లో, పాత క్యాసెట్లలో ఉండిపోతాయి. ఇక్కడ అవన్నీ బహిరంగంగానే ఉన్నాయి. వాటిని దాచేయకుండా, వాటినే ముడిసరుకుగా వాడుకోవడం టొలెడో పట్టుకున్న దారి.

మటడార్ తెచ్చినది

1989లో న్యూయార్క్‌లో మొదలైన మటడార్, పేవ్‌మెంట్, లిజ్ ఫేర్ లాంటి పేర్లతో అమెరికన్ ఇండీ రాక్‌లో స్థిరపడిన సంస్థ. 2014లో చదువు పూర్తయ్యాక టొలెడో దేశానికి ఆ చివరనున్న సియాటిల్ ప్రాంతానికి మారాడు. మరుసటి ఏడాదే ఒప్పందం కుదిరింది.

మామూలుగా లేబుల్ కొత్త గాయకుణ్ని తీసుకుంటే కొత్త పాటలు అడుగుతుంది. ఇక్కడ మొదట వచ్చినది పాత పాటల సంకలనం లాంటిది. 'టీన్స్ ఆఫ్ స్టైల్'లో ఎక్కువగా బ్యాండ్‌క్యాంప్ రోజుల పాటలే ఉన్నాయి, మళ్లీ రికార్డు చేసి, కొన్నిచోట్ల మార్చి ఇచ్చినవి. అప్పటిదాకా అతని పేరు వినని విమర్శకులకూ శ్రోతలకూ అదొక పరిచయపత్రంగా పనిచేసింది. ఆ తర్వాతి 'టీన్స్ ఆఫ్ డినయల్'తో పద్ధతే మారిపోయింది. డ్రమ్మర్ ఆండ్రూ కాట్జ్, గిటారిస్టు ఈథన్ ఐవ్స్‌తో పూర్తిస్థాయి బ్యాండ్ తయారైంది. నిర్వాణ, సౌండ్‌గార్డెన్ లాంటి సియాటిల్ బృందాలతో పనిచేసిన స్టీవ్ ఫిస్క్ నిర్మాతగా వచ్చాడు. ఒక్కడే అన్ని వాయిద్యాలూ వాయించి పొరలు పొరలుగా పేర్చిన పాట వేరు, నలుగురు ఒకే గదిలో వాయించే పాట వేరు. డ్రమ్స్ వేగం గొంతుతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆల్బమ్ నిడివి 70 నిమిషాలు. దీర్ఘమైన పాటలపై మోజు మాత్రం కాలేజీ రోజుల నాటిదే.

ఒక పాట, రెండు హక్కులు

లేబుల్ వచ్చాక ఏం మారిందో అర్థం కావాలంటే 2016 మే నెలలో జరిగిన ఒక ఘటన చూస్తే చాలు.

'టీన్స్ ఆఫ్ డినయల్' మొదటి రూపంలో ఒక పాట ఉంది. ది కార్స్ బృందం 1978లో తెచ్చిన 'జస్ట్ వాట్ ఐ నీడెడ్' అనే పాటలోని భాగాలను టొలెడో అందులో తన పాటతో కలిపి అల్లాడు. విడుదలకు కొద్దిరోజుల ముందు ఆ పాట రచయిత రిక్ ఒకాసెక్ దీనికి సమ్మతించడం లేదని తెలిసింది. తాము నెలల ముందే అనుమతి కోసం సంప్రదింపులు పూర్తిచేశామని, అయితే తమతో మాట్లాడిన పబ్లిషర్‌కు, అంటే పాట రచన హక్కులు చూసే సంస్థకు, అమెరికా వరకు ఆ అనుమతి ఇచ్చే అధికారం లేదని ఆలస్యంగా తెలిసిందని మటడార్ వివరించింది. అప్పటికే సీడీలు, రికార్డులు అచ్చయి ఉన్నాయి. వాటిని వెనక్కి రప్పించి ధ్వంసం చేయాల్సి వచ్చింది. నష్టం 50,000 డాలర్ల స్థాయిలో ఉందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆల్బమ్ డిజిటల్ రూపంలో మే 20నే వచ్చింది. సీడీలు, వినైల్ మాత్రం కొన్ని వారాలు ఆలస్యమయ్యాయి.

ఇతరుల పాటను ఎవరైనా కవర్ చేయవచ్చు, అంటే తమ గొంతుతో మళ్లీ పాడి విడుదల చేయవచ్చు కదా, ఇక్కడ అడ్డేమిటన్న సందేహం సహజం. అమెరికా కాపీరైట్ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఒకసారి బహిరంగంగా విడుదలైన పాటను ఇంకొకరు తమ గొంతుతో రికార్డు చేసి అమ్ముకోవచ్చు. రచయిత ఒప్పుకోకపోయినా, నిర్ణయించిన రుసుము కడితే సరిపోతుంది. 2016లో ఆ రుసుము, ఐదు నిమిషాల లోపు పాటకు ఒక్కో కాపీకి 9.1 సెంట్లు. అయితే ఈ వెసులుబాటుకు ఒక షరతు ఉంది: పాట మూల బాణీని, స్వభావాన్ని మార్చకూడదు. పాత పాట ముక్కను తీసుకుని కొత్త సాహిత్యంతో, కొత్త బాణీతో ముడివేస్తే అది కవర్ కిందికి రాదు. మూలరచన మీద ఆధారపడిన వేరే రచన అవుతుంది. దానికి హక్కుదారు ఒప్పుకోవాల్సిందే. అసలు రికార్డింగులోని శబ్దాన్నే నేరుగా వాడుకుంటే, ఆ రికార్డింగు యజమాని అనుమతి అదనంగా కావాలి. అంటే రచన మీద ఒక హక్కు, రికార్డింగు మీద మరో హక్కు. రెండింటి యజమానులు చాలాసార్లు వేర్వేరు.

టొలెడో వెంటనే కూర్చుని ప్రత్యామ్నాయంగా 'నాట్ వాట్ ఐ నీడెడ్' అనే పాట తయారుచేశాడు. తనకు పాతదానికంటే ఈ కొత్తదే నచ్చిందనీ చెప్పాడు. ఏళ్ల తరబడి తన పాటల్ని తనే విప్పి మళ్లీ కట్టుకున్న అలవాటు అక్కడ కలిసొచ్చింది. ఇంట్లో పాటలు చేసిన రోజుల్లో అతను సంపాదించిన నేర్పు ఎంతటిదో ఈ ఒక్క సందర్భం చాలు, తెలిసిపోతుంది.

ఇదే సమస్య 2012లో వచ్చి ఉంటే పాత ఫైలు తీసి కొత్తది పెట్టేవాడు, పది నిమిషాల పని. వినైల్ మీద గీసిన గాడిని అలా మార్చలేం. పేరు పెరిగేకొద్దీ హక్కుదారుల కంట పడే అవకాశమూ పెరుగుతుంది. ఇంట్లో పాట చేసుకునే కుర్రాడికి చట్టం అప్పుడూ ఇదే. అడిగే నాథుడు లేకపోవడమే తేడా.

రెండుసార్లు పుట్టిన ఆల్బమ్

లేబుల్ వల్ల స్వేచ్ఛ తగ్గిందనుకుంటే సగమే చూసినట్టు. 2018 ఫిబ్రవరిలో టొలెడో 'ట్విన్ ఫాంటసీ'ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా కొత్తగా రికార్డు చేసి, మటడార్ ద్వారానే విడుదల చేశాడు. 19 ఏళ్ల వయసులో ఊహించి కూడా, చేతిలో ఉన్న సాధనాలతో చేయలేకపోయిన శబ్దాన్ని 25 ఏళ్ల వయసులో బ్యాండుతో, స్టూడియోతో సాధించాడు.

మార్పులు శబ్దంతో ఆగలేదు. ఒక పాటలో కథకుడు తనకు ఫలానా గాయకుడి గొంతు, ఫలానా వాద్యకారుడి రంగస్థల ఠీవి కావాలని కోరుకుంటాడు. 2011 ప్రతిలో ఆ పేర్లు ఇండీ గాయకుడు డాన్ బేహార్, ది హూ రాక్ బృందం బేస్ గిటారిస్టు జాన్ ఎంట్‌విసిల్. 2018 ప్రతిలో ఆర్ అండ్ బీ గాయకుడు ఫ్రాంక్ ఓషన్, సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్. ఇండీ రాక్, క్లాసిక్ రాక్ వింటూ పెరిగిన కుర్రాడి లోకం ఏడేళ్లలో ఎంత విశాలమైందో ఆ రెండు పేర్ల జతలూ పట్టిచ్చేస్తాయి.

పాత రికార్డింగును అతను తొలగించలేదు. రెండూ దొరుకుతాయి, ఏది మేలన్న వాదన అభిమానుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. కొత్తది గాఢంగా, బలంగా ఉంటుంది. పాతదాంట్లో గొంతు వాయిద్యాల వెనక సగం మునిగిపోయి ఉంటుంది, ఆ పాటల్లోని బిడియానికి అది సరిగ్గా అతుకుతుంది. ఎక్కువసార్లు వినాలనిపించేది కొత్తదే అయినా, పాతది లేకుండా కొత్తది అర్థం కాదన్నది గట్టిగా చెప్పగలిగిన మాట.

అదే లేబుల్‌కు మరో దారి

టొలెడో దారి ఒక్కటే కాదని చెప్పడానికి మటడార్‌లోనే మరో ఉదాహరణ ఉంది. స్నెయిల్ మెయిల్ పేరుతో పాడే లిండ్సీ జోర్డన్ 1999లో పుట్టింది. బాల్టిమోర్ శివార్లలోని ఎలికాట్ సిటీలో పెరిగింది. ఐదేళ్ల వయసులో క్లాసికల్ గిటార్ మొదలుపెట్టింది, తర్వాత రాక్ గిటారిస్టు మేరీ టిమొనీ దగ్గర పాఠాలు నేర్చుకుంది. 2016లో ఆరు పాటల ఈపీ 'హ్యాబిట్'ను సిస్టర్ పోలిగాన్ విడుదల చేసింది. అది వాషింగ్టన్ పంక్ బృందం ప్రీస్ట్స్ నడిపే చిన్న లేబుల్. 2018 జూన్‌లో మటడార్ నుంచి 'లష్' వచ్చేనాటికి ఆమెకు 18 ఏళ్లే.

ఇక్కడ నిల్వ లేదు, డజను ఆల్బమ్‌లు లేవు. ఉన్నది స్థానిక సంగీత వర్గం. తోటి బృందాలు వేదిక పంచుకోవడం, వాళ్లే లేబుల్ నడపడం, ఒకరి మాట మీద ఇంకొకరు పిలవడం. టొలెడోను శ్రోతలు తవ్వి తీశారు, జోర్డన్‌ను సంగీతకారులు ముందుకు తోశారు. చిన్న వయసులో పెద్ద వేదికలకు చేరడం రెండో దారిలో వేగంగా జరుగుతుంది. ఒత్తిడీ అంతే వేగంగా వస్తుంది. 2021 నవంబర్‌లో రెండో ఆల్బమ్ వచ్చీ రాగానే గొంతులో పాలిప్‌లు (చిన్న కండ బుడిపెలు) ఏర్పడి జోర్డన్ పర్యటన వాయిదా వేసుకుంది, శస్త్రచికిత్స చేయించుకుంది. పర్యటనలే ప్రధాన ఆదాయమైన రంగంలో గొంతు దెబ్బతింటే రాబడీ ఆగిపోతుంది. బహిరంగంగా నేర్చుకునే ఏళ్లు టొలెడోకు ఆరు దొరికాయి, జోర్డన్‌కు రెండు మూడే.

ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉందా?

తెరిచే ఉంది, కానీ అంత సాఫీగా లేదు. బ్యాండ్‌క్యాంప్‌ను 2022 మార్చిలో వీడియో గేమ్‌ల కంపెనీ ఎపిక్ గేమ్స్ కొన్నది, 2023లో సంగీత లైసెన్సులు అమ్మే సాంగ్‌ట్రేడర్‌కు అమ్మేసింది. ఆ చేతులు మారడంలో దాదాపు సగం మంది సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. కమిషన్ పద్ధతి అలాగే ఉన్నా, కళాకారుల నిల్వలన్నీ ఒక ప్రైవేటు సంస్థ నిర్ణయాల మీద ఆధారపడి ఉన్నాయన్న సంగతి అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

ఈలోగా వినేవాళ్లలో ఎక్కువమంది స్ట్రీమింగ్‌కు మారిపోయారు. అక్కడ లెక్కలు వేరు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటను గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినకపోతే దానికి రాయల్టీ లెక్కించరు. టొలెడో 2010 నాటి అంకెల ఆల్బమ్‌ల లాంటివి, అంటే కొద్దిమందే వినే పాటలు పెద్ద సంఖ్యలో పెట్టేవాళ్లకు, ఈ నిబంధన కింద చాలా పాటల మీద ఏమీ రాదు. బ్యాండ్‌క్యాంప్‌లో మొట్టమొదటి కొనుగోలుదారు ఇచ్చే సొమ్ములో కూడా అధిక భాగం కళాకారుడికే చేరుతుంది. అందుకే ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే గాయకులు చాలామంది కనిపించడానికి స్ట్రీమింగ్‌నూ, నాలుగు డాలర్లు రాబట్టుకోవడానికి బ్యాండ్‌క్యాంప్‌నూ పక్కపక్కనే పెట్టుకుని నడుస్తున్నారు.